ఇంట్లో ఉప్పుటేటి రొయ్యల తొట్టి: విజయవాడ, గుంటూరు ఎండల్లో కొత్తవారు చేసుకోవలసిన ఏర్పాట్లు

కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గరా, నాగాయలంక పాయల్లోనూ, నిజాంపట్నం వైపు ఉప్పుటేళ్లలోనూ నీరు పూర్తిగా ఉప్పగా ఉండదు, పూర్తిగా చప్పగానూ ఉండదు. ఆ నీటిలో, పొట్టలోని పేగు కూడా పైకి కనిపించేంత పారదర్శకమైన చిన్న రొయ్యలు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటిని ఇంట్లో ఒక గాజు తొట్టిలో ఆరోగ్యంగా పెంచుకోవడం సాధ్యమే. అయితే మంచినీటి చేపల తొట్టికి అలవాటుపడినవారు ఈ తొట్టి దగ్గర ఒక్క విషయంలో తప్పకుండా పొరబడతారు. తొట్టిలోని నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. విజయవాడలో నేను పెట్టుకున్న మొదటి తొట్టిలోని రొయ్యలన్నీ ఒక మే నెలలో చనిపోవడానికి కారణం, ఈ సంగతి తెలిసి కూడా నేను దానిని లెక్క కట్టి చూడకపోవడమే. అందువల్ల ఈ వ్యాసంలో ఉప్పు లెక్క గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఏ రొయ్యను పెంచాలి

మన ప్రాంతంలో రొయ్య అనగానే వెనామీ, టైగర్ గుర్తుకు వస్తాయి. ఈ రెండూ ఇంటి తొట్టికి పనికిరావు. టైగర్ రొయ్య అడుగు పొడవు వరకు పెరగగలదు. వెనామీ పసిఫిక్ తీరానికి చెందిన విదేశీ జాతి; 2009లో మన దేశంలో దాని పెంపకానికి అనుమతి వచ్చినా, ఆ అనుమతి నిబంధనలకు లోబడి నమోదైన చెరువులకే వర్తిస్తుంది. పైగా మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వచ్చేంత వేగంగా పెరిగే జాతి చిన్న తొట్టిలో సుఖంగా ఉండదు. మంచినీటి నీలకంఠ రొయ్య పిల్లదశలో ఉప్పు కలిసిన నీటిలోనే బతుకుతుంది కాబట్టి కొందరు దానిని కూడా ఈ తొట్టిలో వేయాలనుకుంటారు. పెద్దదయ్యాక అది తోటి రొయ్యలను బతకనివ్వదు.

ఇతర దేశాల్లో ఇళ్లలో ఎక్కువగా పెంచే ఉప్పునీటి రొయ్య హవాయి దీవులకు చెందిన ఒపాయె ఉలా. సెంటీమీటరుకు కాస్త మించిన ఈ ఎర్రని జీవి, సముద్రంతో భూమి లోపలినుంచి మాత్రమే సంబంధం ఉండే లావా రాతి గుంటల్లో బతుకుతుంది, నాచునూ సూక్ష్మజీవుల పొరనూ మేస్తుంది, పదేళ్లకు పైగా జీవించగలదు. గాజు బంతుల్లో మూసి కానుకలుగా అమ్మేది కూడా దీనినే. అటువంటి బంతిని ఎవరైనా బహుమతిగా ఇస్తానంటే వద్దని చెప్పమని నా మనవి, ఎందుకంటే మూత తీయడానికి వీలులేని నీటిలో మేతనూ నీటినీ సరిచేసే దారే ఉండదు. కొత్తవారికి నేను సూచించేది మన పాయల్లోనే దొరికే రెండు మూడు సెంటీమీటర్ల పారదర్శకమైన రొయ్యలను. వేసవిలో ఉప్పు పెరగడం, వరదల్లో ఉప్పు తగ్గడం వాటికి పుట్టుకతో అలవాటైన విషయం. మనం చేసే చిన్న పొరపాట్లను అవి కొంతవరకు తట్టుకుంటాయి.

తొట్టి, అడుగు

తొట్టి ఎంత చిన్నదైతే అంత సులువని అనుకోవడం సరికాదు. నీరు తక్కువైన కొద్దీ ఉప్పూ వేడీ త్వరగా మారిపోతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పద్నాలుగు అంగుళాల ఎత్తు ఉన్న గాజు తొట్టిని తీసుకుని, పైన జానెడు కాకపోయినా నాలుగు వేళ్ల ఖాళీ ఉంచి నింపితే, ఇసుక ఆక్రమించే చోటు పోగా సుమారు 50 లీటర్ల నీరు నిలుస్తుంది. నీరు, ఇసుక, గాజు కలిసి 70 కిలోల పైబడి బరువు తూగుతాయి కనుక, కదిలే బల్ల మీద కాకుండా గట్టి స్టాండు మీద, కిటికీ ఎండ నేరుగా పడని గోడ పక్కన పెట్టాలి.

అడుగున రెండు సెంటీమీటర్ల మందం ఇసుక సరిపోతుంది. నిర్మాణానికి వాడే ఏటి ఇసుకనే జల్లించి, కడిగిన నీళ్లు తేటగా వచ్చేవరకు కడిగి వాడుకోవచ్చు. అందులో నాలుగో వంతు నలగ్గొట్టిన ఆల్చిప్పలు కలిపితే, వాటిలోని సున్నం నెమ్మదిగా కరుగుతూ నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) మరీ పడిపోకుండా కాపాడుతుంది. ఇసుక మందం పెరిగితే అడుగు పొరకు గాలి అందక నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. చెరువు అడుగు చెడిపోవడం చూసినవారికి ఆ వాసన పరిచయమే. దాక్కోవడానికి కుండ పెంకులు, చిన్న పీవీసీ గొట్టం ముక్కలు వేయాలి. మడ మొక్క పెడితే అందంగా ఉంటుందన్న మాట నిజమే కానీ, కృష్ణా అభయారణ్యం పరిధిలోని మడ అడవుల నుంచి మొక్కను కాదు, రాలిన కాయను కూడా తేకూడదు.

వడపోతకు గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ ఒక్కటి చాలు. నీటిని బలంగా లాగే మోటారు ఫిల్టర్లు చిన్న రొయ్యలను కూడా లాగేస్తాయి. తొట్టి పైన గాజు మూత బదులు దోమతెర గుడ్డను బిగించి కట్టాలి. రొయ్యలు బెదిరినప్పుడు ఎగిరి బయట పడతాయి, గుడ్డ వాటిని ఆపుతుంది, నీటికి గాలి కూడా ఆడనిస్తుంది.

ఉప్పు

నీటి ఉప్పదనాన్ని పీపీటీలో కొలుస్తారు, అంటే వెయ్యి భాగాల నీటిలో ఉప్పు ఎన్ని భాగాలన్న లెక్క. నడి సముద్రపు నీరు సుమారు 35 పీపీటీ ఉంటుంది. మన తొట్టికి 15 పీపీటీ అనువైనది. దీనిని కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ తప్పనిసరి. ఆక్వా మందుల దుకాణాల్లో సెలినిటీ మీటర్ అని అడిగినా ఇస్తారు. వాడే ముందు అద్దం మీద ఆర్వో నీటి చుక్క వేసి, గీత సున్నా దగ్గర ఉందో లేదో ప్రతిసారీ సరిచూసుకోవాలి. నాలుక మీద వేసుకుని ఉప్పు అంచనా వేయడం మాత్రం ఎంత అనుభవం ఉన్నవారూ చేయకూడని పని.

కొత్తవారు ఎక్కువగా అడిగే ప్రశ్న, వంటింట్లోని ఉప్పు ఎందుకు పనికిరాదని. చినగంజాం ఉప్పు కొటార్లలో జరిగే పనిని గమనిస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. మళ్లలో సముద్రపు నీరు చిక్కబడుతున్నప్పుడు మొదట కాల్షియం లవణాలు అడుగుకు దిగిపోతాయి, ఆ తరువాత మనం తినే ఉప్పు గళ్లు కడుతుంది, మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా ఉన్న చివరి చేదు నీటిని బయటికి వదిలేస్తారు. అంటే కల్లుప్పు సముద్రం నుంచే వచ్చినా, రొయ్యకు కావలసిన మూడు ముఖ్యమైన ఖనిజాలు దాని నుంచి దాదాపుగా విడిపోయి ఉంటాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, దాదాపు అంతే పొటాషియం, 1300 మిల్లీగ్రాముల వరకు మెగ్నీషియం ఉంటాయి. పెంకు గట్టిపడాలన్నా, ఒంట్లోని ఉప్పునీటి సమతూకం నిలవాలన్నా రొయ్యకు ఇవి కావాలి. తక్కువ ఉప్పున్న బోరు నీటితో సాగు చేసే రైతులు చెరువుకు పొటాష్, మెగ్నీషియం చల్లడానికి కారణం ఇదే. ఒట్టి కల్లుప్పు కరిగించిన నీరు మీటరులో 15 చూపించినా, ఆ నీటిలో రొయ్యలు పెంకు మెత్తబడి, నడుము వంగి చనిపోతాయి.

కాబట్టి అక్వేరియం దుకాణాల్లో దొరికే మెరైన్ సాల్ట్ కొనుక్కోవాలి. 50 లీటర్లకు 15 పీపీటీ రావాలంటే 750 గ్రాములతో మొదలుపెట్టి, కరిగాక కొలిచి, తక్కువైతే కొంచెం కొంచెంగా కలపాలి. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది కనుక చివరికి వంద గ్రాములు ఎక్కువ పట్టడం మామూలే. శుభ్రమైన ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు నీరు పోసి, గాలి రాయి (పంపు గాలిని సన్నని బుడగలుగా వదిలే రాయి) వేసి, ఉప్పును తరువాత వేయాలి. ఒక రోజంతా గాలి ఆడనిచ్చి అప్పుడు కొలిస్తేనే సరైన లెక్క వస్తుంది. రొయ్యలున్న తొట్టిలోకి ఉప్పు గళ్లను నేరుగా ఎప్పుడూ వేయవద్దు.

నీటి విషయానికి వస్తే, కుళాయిలో వచ్చే కృష్ణా నీటిలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి తొట్టెలో పోసి ఒక రోజంతా గాలి ఆడిస్తే అది చాలావరకు పోతుంది, దుకాణాల్లో అమ్మే క్లోరిన్ విరుగుడు ద్రావణం వాడితే అనుమానం కూడా మిగలదు. గుంటూరు వైపు చాలా ఇళ్లలో బోరు నీటిలో ముందే ఎంతో ఉప్పూ సున్నమూ ఉంటాయి కాబట్టి, అక్కడివారు 20 లీటర్ల ఆర్వో క్యాను నీటినే వాడుకోవడం మేలు.

సముద్రపు నీటినే తెచ్చి మంచినీటితో పలుచన చేయడం ఖర్చు తక్కువైన మరో పద్ధతి. గుంటూరు నుంచి 50 కిలోమీటర్ల దూరంలోని బాపట్ల దాటితే సూర్యలంక తీరం వస్తుంది కనుక, ఇది అక్కడివారికి ఇంకా సులువు. అయితే ఆ నీటితో పాటు రోగాలు కూడా రావచ్చు. చెరువుల్లో చేసినట్టే బ్లీచింగ్ పౌడరు లీటరుకు 60 మిల్లీగ్రాముల చొప్పున, అంటే 20 లీటర్లకు 1.2 గ్రాములు కలిపి, రెండు మూడు రోజులు గాలి ఆడించి, క్లోరిన్ పరీక్ష ద్రావణంతో చూసి రంగు రాదని తేలాకే వాడాలి.

నీటిని మగ్గబెట్టడం

తొట్టి నిండిన రోజే రొయ్యలను వేయాలన్న ఆత్రం చాలామందికి ఉంటుంది. కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. రొయ్య విసర్జించేదీ, మిగిలిపోయి కుళ్లే మేతా అమ్మోనియాగా మారుతాయి. ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గానూ, మరొక రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా స్పాంజి మీదా ఇసుక మీదా స్థిరపడడానికే ఇంత గడువు కావాలి. ఖాళీ తొట్టిలో రెండు రోజులకోసారి చిటికెడు రొయ్య మేత వేస్తూ ఉంటే మొదట అమ్మోనియా పెరుగుతుంది, తరువాత అది తగ్గి నైట్రైట్ పెరుగుతుంది, చివరకు రెండూ సున్నాకు వస్తాయి. పీహెచ్ 8 దాటి, నీరు వెచ్చగా ఉన్నప్పుడు అమ్మోనియాలో విషరూపం పాలు పెరుగుతుంది. మన తొట్టిలో ఈ రెండూ ఉంటాయి కనుక కొద్దిపాటి అమ్మోనియాను కూడా ఉపేక్షించకూడదు.

పరీక్ష కిట్లు కొనలేనివారికి మన ప్రాంతంలో మరొక సదుపాయం ఉంది. ఆక్వా సాగున్న ఊళ్లలో నీటి పరీక్ష ల్యాబులు ఉంటాయి, అరలీటరు సీసాలో నీరు పట్టి అదే రోజు ఇస్తే ఉప్పు, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, నైట్రైట్ చూసి చీటీ రాసిస్తారు. త్వరగా మగ్గుతుందని చెరువు అడుగు మట్టి తెచ్చి వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. 1994-95లో మన కోస్తా చెరువులను తుడిచిపెట్టిన తెల్లమచ్చ వైరస్ ఈనాటికీ పోలేదు, మట్టితోనూ పీతలతోనూ అది ఇంటికి రాగలదు.

రొయ్యలను తెచ్చుకోవడం

పాయల్లో చిన్న వలలు వేసేవారిని ముందుగా అడిగి పెట్టుకుంటే, పది పన్నెండు బతికున్న చిన్న రొయ్యలు దొరకడం కష్టం కాదు. 50 లీటర్లకు మొదటి విడతలో అంతకు మించవద్దు. మీసాలు విరగనివీ, ఒంటి మీద మచ్చలు లేనివీ, చెయ్యి దగ్గరకు రాగానే వెనక్కి చివుక్కున దూకేవీ ఏరుకోవాలి. తెల్లవారుజామున బయలుదేరి, సగం వరకే నీరు పోసిన క్యానులో, బ్యాటరీ గాలి పంపు పెట్టి తెచ్చుకుంటే రెండు మూడు గంటల ప్రయాణాన్ని అవి తట్టుకుంటాయి.

రొయ్యలు పట్టిన చోటి నీటి ఉప్పును అక్కడికక్కడే కొలిచి రాసుకోవడం మరచిపోకూడదు. ఒకే పాయలో ఏప్రిల్, మే నెలల్లో ఉప్పు సముద్రంతో సమానంగా ఉంటుంది, వరదల కాలంలో దాదాపు మంచినీరవుతుంది. ఉప్పులో మార్పు గంటకు 2 పీపీటీకి మించకుండా అలవాటు చేయాలి. పాయ నీరు 23, తొట్టి నీరు 15 ఉంటే కనీసం నాలుగు గంటలు పడుతుందన్నమాట. బకెట్‌లో రొయ్యలను ఉంచి, సన్నని గాలి గొట్టానికి ముడి వేసి, తొట్టి నీరు చుక్కలు చుక్కలుగా పడేలా చేసి, గంట గంటకూ కొలుస్తూ ఉండాలి. అంతకంటే మంచి పద్ధతి, ముందు వారమే ఒకసారి వెళ్లి పాయ నీటిని కొలిచి వచ్చి, తొట్టిని ఆ ఉప్పుకే సిద్ధం చేసి, రొయ్యలు కుదురుకున్నాక వారాల తరబడి నెమ్మదిగా 15కు దించడం. వీలైతే మొదటి రెండు వారాలు వాటిని వేరే తొట్టిలో ఉంచి గమనించాలి.

మేత, పెంకు విడవడం

మేతను పళ్లెంలో వేసి, ఎంత తిన్నాయో చూసేందుకు చెరువుల్లో వాడే చెక్ ట్రే పద్ధతిని ఇంటికి కుదించుకోవచ్చు. ఒక చిన్న గాజు మూతను అడుగున పెట్టి, పిల్లదశకు వాడే సన్నని మేతలో చిటికెడు అందులో వేసి, రెండు గంటల తరువాత చూడాలి. మిగిలితే తీసివేసి మరునాడు సగమే వేయాలి. రోజుకు ఒక్కసారి చాలు, వారంలో ఒకరోజు మేత మానేయడం కూడా మంచిదే, ఆ రోజు అవి గాజుకు పట్టిన నాచును మేస్తాయి.

రొయ్య పెరిగేది పెంకు విడిచినప్పుడే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రొయ్యలు ఎక్కువగా పెంకు విడుస్తాయని రైతులు మేత తగ్గిస్తారు, ఇంటి తొట్టిలోనూ ఆ రోజులను గమనించి చూడండి. విడిచిన పెంకును చూసి రొయ్య చచ్చిందని కంగారుపడి తీసివేయవద్దు, అందులోని సున్నం కోసం అవే దానిని తింటాయి. పెంకు విడిచిన ఒకటి రెండు రోజులు రొయ్య మెత్తగా ఉండి, తోటివాటికి ఆహారమయ్యే ప్రమాదం ఉంది. కుండ పెంకులూ గొట్టం ముక్కలూ రొయ్యల సంఖ్య కంటే ఎక్కువగా వేయమనేది అందుకే.

ఎండాకాలం

నీటి వేడి 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే రొయ్యలు సుఖంగా ఉంటాయి. బయట 42, 43 డిగ్రీలున్న మే మధ్యాహ్నాల్లో ఏసీ లేని గదిలో నీరు 32 దాటడానికి ఎంతోసేపు పట్టదు. 30 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలిగితే, 15 పీపీటీ నీరు సుమారు ఏడుకు మించి పట్టుకోలేదు. నీటి మీదుగా గాలి వీచేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ ఆ చల్లదనం నీరు ఆవిరి కావడం వల్లే వస్తుంది.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. ఫ్యాను కింద మన తొట్టి రోజుకు అర సెంటీమీటరు, అంటే దాదాపు 900 మిల్లీలీటర్లు తగ్గుతుంది. వారానికి ఆరు లీటర్ల పైచిలుకు. ఏమీ పోయకపోతే వారం తిరిగేసరికి 15 ఉన్నది 17 అవుతుంది. తగ్గినంత మేరా 15 పీపీటీ ఉప్పునీటినే పోస్తే, ప్రతి వారం దాదాపు 95 గ్రాముల ఉప్పును కొత్తగా వేసినట్టు అవుతుంది. నేను చేసింది అదే. నాలుగు వారాలకు ఉప్పు 22 దాటింది, నీటిమట్టం మాత్రం ఎప్పుడు చూసినా నిండుగానే ఉంది, అందుకే అనుమానం రాలేదు. కాబట్టి తొట్టి నింపిన రోజే గాజు మీద నీటిమట్టం దగ్గర మార్కరుతో గీత గీసి, ప్రతి ఉదయం ఆ గీత వరకు ఆర్వో నీటిని మాత్రమే పోయాలి. వారానికోసారి పాత నీరు ఐదు లీటర్లు తీసి మార్చేటప్పుడు మాత్రం సరిగ్గా 15 పీపీటీ ఉన్న కొత్త నీటిని పోయాలి. ఆవిరైన దానికి మంచినీరు, తీసిన దానికి ఉప్పునీరు అని ఒక చీటీ మీద రాసి తొట్టికి అంటిస్తే, మీరు లేనప్పుడు ఇంట్లోవారు కూడా తప్పు చేయరు.

కరెంటు పోయినప్పుడు స్పాంజి ఫిల్టర్ ఆగిపోతుంది. కరెంటు పోగానే తనంతట తాను మొదలయ్యే బ్యాటరీ గాలి పంపు ఒకటి ఉంచుకోవడం అవసరం. తెల్లవారుజామున రొయ్యలు నీటి పైపొరకు చేరి ఉంటే, రైతులు తేలుతున్నాయని అనే స్థితి అదే: రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువును వాడుకోవడం వల్ల ఆ వేళకు అది అడుగంటి ఉంటుంది. అప్పుడు వెంటనే గాలి పెంచి, ఆ రోజు మేత ఆపాలి.

ఇంట్లోని విషాలు

రాగి మనుషులకు మంచిదని రాగి బిందెలో నీరు నిలవ ఉంచే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ నీరు తొట్టిలో పడకూడదు, అతి కొద్ది రాగి కూడా రొయ్యకు ప్రాణాంతకం. చేపలకు వచ్చే తెల్లచుక్కల జబ్బుకు వాడే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, కనుక సీసా మీద రాసినది చదవకుండా ఏ మందూ వేయవద్దు. దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే దోమల ద్రావణం, బొద్దింకల స్ప్రే, చీమల చాక్‌పీసు వంటి వాటిలోని పైరిథ్రాయిడ్ మందులు కీటకాలకు ఎంత విషమో రొయ్యలకూ అంతే విషం. గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీటిలోకి పంపుతుంది కాబట్టి, తొట్టి ఉన్న గదిలో వీటిని అసలు వాడకూడదు. వీధిలో దోమల పొగ కొట్టడానికి వస్తే కిటికీలు మూసి, పొగ తగ్గేవరకు పంపును లోపలి గదిలోకి మార్చి పొడవాటి గొట్టంతో నడపాలి.

పాత నీటిని పారబోయడం

మార్చిన నీటిని విజయవాడ మధ్యలోంచి పారే బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో పోయవద్దు. ఆ కాలువల నీరే కింద డెల్టా అంతటికీ చేరుతుంది. బకెట్‌లో బ్లీచింగ్ పౌడరు కలిపి ఒక రోజు ఉంచి మురుగు పైపులో పోయాలి. మొక్కలకు పోస్తే ఉప్పుకు వేళ్లు మాడిపోతాయి. చనిపోయిన రొయ్యను పూడ్చిపెట్టాలి. బంధువుల చెరువు దగ్గరికి వెళ్లేవారు తొట్టిలో వాడిన వలను గానీ, బకెట్‌ను గానీ అక్కడికి తీసుకువెళ్లకూడదు, అక్కడి నుంచి తేకూడదు కూడా.

సంక్రాంతికి నాలుగైదు రోజులు ఊరికి వెళ్లవలసి వస్తే మేత గురించి బెంగ అవసరం లేదు, ఆ కొద్ది రోజులూ నాచుతో గడుపుకుంటాయి. జనవరిలో నీరు ఆవిరి కావడమూ తక్కువే. బయలుదేరే ముందు గీత వరకు ఆర్వో నీరు పోసి, బ్యాటరీ పంపు పూర్తిగా ఛార్జి అయిందో లేదో చూసుకుని వెళితే చాలు. పక్కింటివారికి తాళం ఇచ్చి వెళ్లేటట్లయితే మేత వేయవద్దని స్పష్టంగా చెప్పాలి. ప్రేమతో వేసే గుప్పెడు మేత ఆ నాలుగు రోజుల్లో కుళ్లి, ఆరు వారాలు మగ్గబెట్టిన నీటిని పాడుచేస్తుంది.